మట్టి అంటని చెడుగుడు

మా కొండాపూర్‌లో శనివారం పొద్దున్నే తెల్లవారదు. తెల్లవారినా ఎవరూ ఒప్పుకోరు! తొమ్మిదింటిదాకా తలుపుకి తగిలించిన సంచీలో పాలప్యాకెట్టు అలాగే ఉంటుంది. అలాంటి ఓ జూన్ శనివారం మా అత్తమ్మ మాత్రం అయిదింటికే లేచి, బాల్కనీలోంచి మబ్బుల్ని చూస్తున్నారు.

"మృగశిర కార్తె వచ్చింది. తొలకరి పడేటట్టున్నది" అన్నారు.

నాకు ఆరేసిన బట్టలు గుర్తొచ్చాయి. కాలేజీ కబడ్డీ ప్రాక్టీసుకి బయల్దేరుతున్న మా అమ్మాయి, "పడనీ నానమ్మా, మేం ఆడేది లోపల, మ్యాట్ మీద" అంది.

"మట్టి అంటకుండ చెడుగుడు ఏందే బిడ్డా?"

నిజమే, ఆట ఎదిగింది. ఆసియా క్రీడల్లో 1990లో బీజింగ్‌లో మగవాళ్ళకీ, 2010లో గ్వాంగ్‌జౌలో ఆడవాళ్ళకీ చోటు దొరికింది. రెండుసార్లూ బంగారు పతకం మనదే. ఇప్పుడు పెద్ద పోటీలన్నీ మ్యాట్ మీదే. పిల్ల మోకాళ్ళు చెక్కుకుపోకుండా ఇంటికొస్తే తల్లిగా నాకు సంతోషమే.

అసలీ శనివారం మాత్రం మనకి ఎప్పటిదనుకున్నారు? సేద్యానికి వారాలతో పని లేదు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్ళు పగిలితే, మృగశిరలో నాగలి కదలాలి. ఆదివారం సెలవన్నది మిల్లు గోడల మధ్య పుట్టిన కోరిక. నారాయణ్ మేఘాజీ లోఖండే ముందుండి పోరాడితే, బొంబాయి మిల్లు కార్మికులకి 1890లో దక్కింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకి శనివారం కూడా కలిసింది 1985లో. ఇక మా పక్కన 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక, శని ఆదివారాలే ఇక్కడ పండగలయ్యాయి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియం కూడా వెలిసింది.

ఈ తేదీలన్నీ గడగడా చెప్పేశానా? బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని మరి! కానీ ఆ పూట మా అమ్మాయి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "మృగశిర తర్వాత ఏం కార్తె అమ్మా?" అంది.

నా నోట మాట రాలేదు. మెదక్ జిల్లాలో మాకున్న రెండెకరాలూ అమ్మిన డబ్బే ఈ ఫ్లాటయింది. సంతకం పెట్టిన రోజు అత్తమ్మ ఏమీ అనలేదు. పాసు పుస్తకంతోపాటు ఇరవై ఏడు పేర్లు కూడా ఆ రోజే చేజారాయని నాకప్పుడు తోచలేదు.

"ఆరుద్ర" అన్నారు అత్తమ్మ, వంటింట్లోంచే.

పిల్ల వెళ్ళాక గోడమీది క్యాలెండరు దించి, ఆవిడ చెబుతుంటే ఒక్కో కార్తె రాసుకున్నాను. ఆరుద్ర గడిలో అప్పటికే మా అమ్మాయి మ్యాచి తేదీ ఉంది. పక్కన ఇరికించి రాశాను.

అత్తమ్మ కాసేపు చూసి, "రాసుకున్నవు సరే బిడ్డా, విత్తేదెక్కడ?" అన్నారు.

ఆ ప్రశ్నకి నా చరిత్రలో తేదీ లేదు. బయట చినుకులు మొదలయ్యాయి. బట్టలు తీద్దామని నేను లేచాను. ఆవిడ మాత్రం అరచెయ్యి బయటికి చాచి, చినుకు బరువు చూస్తూ నిలబడ్డారు.