ద్వారకా సభ - వైశాలీ సభ



శ్రీకృష్ణపరమాత్మను మనము ద్వారకాధీశుడని కీర్తించుచున్నాము. అది భక్తికి తగిన మాటయే. కాని ఇతిహాసమును శ్రద్ధగా చదివినచో స్వామి తాను సింహాసనము నెక్కినట్లు కనబడదు. కంసవధానంతరము రాజ్యమును ఉగ్రసేనునకే ఇచ్చెను. ఆ ఉగ్రసేనుడును సర్వాధికారి కాడు. అంధకులు, వృష్ణులు, కుకురులు, భోజులు మొదలగు యాదవకులముల పెద్దలు సుధర్మయను సభలో కూడి కార్యములను నిర్ణయించెడివారు. పెక్కుమంది కులీనులు కలిసి ఏలెడి ఇట్టి రాజ్యమునకు మన పూర్వులు సంఘమనియు, గణమనియు పేరిడిరి. పాణిని వ్యాకరణములోను, కౌటిల్యుని అర్థశాస్త్రములోను వీని ప్రసక్తి కలదు.

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కృష్ణనారద సంవాదమొకటి ఉన్నది. పాఠశాలలో దానిని మొదట చదివినప్పుడు మాకు ఆశ్చర్యమే కలిగినది గాని అర్థము తెలియలేదు. జగన్నాథుడు నారదుని యెదుట తన గృహక్లేశమును చెప్పుకొనుచున్నాడు! సంపాదించినదానిలో సగము జ్ఞాతులకే ఇచ్చుచు, వారి దుర్భాషలను సహించుచున్నాడట. నిప్పు కోరువాడు అరణిని మథించినట్లు ఆ మాటలు ఆయన హృదయమును మథించుచున్నవట. బలరామునకు తన బలమే లోకము; గదునకు సౌకుమార్యము; ప్రద్యుమ్నునకు రూపము. ఇక ఆహుకాక్రూరుల వైరమున ఏ పక్షము వహించినను రెండవవారికి కోపము. ఇద్దరు కుమారులు తమలో తాము జూదమాడుచుండగా, ఒకని గెలుపును కోరుచు రెండవవాని ఓటమిని కోరలేని తల్లివలె ఉన్నది తన స్థితియని స్వామి చెప్పెను.

నారదుడు ఇచ్చిన సమాధానము పరిశీలింపదగినది. ఈ ఆపద వెలుపలినుండి వచ్చినది కాదు, మీలోనే పుట్టినది. కావున ఇనుముతో చేయని ఆయుధమును పట్టుమనెను. శక్తికొలది అన్నదానము, ఓర్పు, ఋజువర్తనము, మృదుత్వము, పూజ్యులను పూజించుట, ఇవియే ఆ ఆయుధము. దీనితో జ్ఞాతుల నాలుకలను వశపరచుకొనుమనెను. చదునైన నేలపై బరువును ఏ యెద్దయినను లాగును, ఎగుడుదిగుడు బాటలో మేలుజాతి వృషభమే లాగవలెను. సంఘములు భేదముచేతనే నశించును, నీవు సంఘముఖ్యుడవు, కావున ఈ భారము నీదే యని హెచ్చరించెను. ఒక్కరాజు ఏలుచోట ఎదురు మాటాడినవానిని తొలగింపవచ్చును. ఇచ్చట అందరును సమానులు, అందరును చుట్టములు. తొలగింపబడువాడు లేడు గనుక మాట పడువాడొకడు ఉండవలెను.

ఇది ద్వాపరయుగపు మాట. చరిత్రలో ఇట్టి రాజ్యమున్నదా యని కొందరు యువకులు అడుగుదురు. ఉన్నది. నేటి బీహారులోని వైశాలి నగరమున లిచ్ఛవులను క్షత్రియులు క్రీ.పూ. 5వ శతాబ్దమునాటికే ఇట్లు ఏలుచుండిరి. వీరు వజ్జిగణమున ప్రధానులు. వీరిలో రాజులు 7,707 మంది అని జాతకకథ చెప్పును. సంఖ్య ఎట్లున్నను, ప్రతి కులపెద్దయు రాజేయని భావము. లిచ్ఛవి, మల్ల మొదలగు సంఘములవారిని 'రాజశబ్దోపజీవులు' అనెను కౌటిల్యుడు. రాజను బిరుదుపై బ్రదుకువారని అర్థము. ఆ మాటలో కొంత చురుక్కు కూడ లేకపోలేదు.

వైశాలిని ప్రపంచములోనే మొదటి ప్రజాస్వామ్యమని నేటి వక్తలు గర్వముతో చెప్పుచుందురు. అంతదూరము పోవుటకు మాకు మనసొప్పదు. పొలము దున్నువాడును, కుండ చేయువాడును, ఇంటి దాసియు ఆ సభలో కూర్చుండలేదు. రాజకులముల అభిషేకమునకై అచ్చట ఒక పుష్కరిణి ఉండెడిది. పక్షి కూడ దిగకుండ దానిపై ఇనుపవల కప్పి, చుట్టును కావలి ఉంచిరని జాతకము. కోసలదేశపు సేనాని బంధులుడు గర్భిణియైన భార్య కోరిక తీర్చుటకు కావలివారిని కొట్టి, వలను తెంచి, ఆమెను అందులో స్నానము చేయించెనట. లిచ్ఛవులు రథములెక్కి వెంటబడిరి. నీటినే ఇంతగా కాచుకొన్నవారు సభాపీఠమును ఎంతగా కాచుకొనిరో వేరుగ చెప్పనేల? వైశాలివద్ద ఖరౌనా పోఖర్ అను చెరువే ఆ పుష్కరిణియని నేడు చూపుదురు.

అయినను వారి గుణమును కాదనరాదు. మగధరాజు అజాతశత్రువు వజ్జిగణముపై దండెత్తదలచి, తన మంత్రి వర్షకారుని గృధ్రకూటమునకు, బుద్ధునికడకు పంపెను. దేవాలయ ప్రవచనములో బౌద్ధుల కథయేలయని సందేహింపవలదు. మంచిమాట ఎచ్చట దొరికినను గ్రహింపవలసినదే. వారు తరచుగా సభ తీర్చుచు, ఐకమత్యముతో కూడి ఐకమత్యముతోనే లేచుచు, పాతకట్టడిని మీరక, వృద్ధులను గౌరవించుచు, స్త్రీలను చెరపట్టక, తమ చైత్యములకు పూర్వమునుండి వచ్చు బలులను ఆపక, సాధువులను కాపాడుచున్నంతకాలము వారికి వృద్ధియే గాని హాని లేదని బుద్ధుడు చెప్పెను. వర్షకారుడు తెలివిగలవాడు. యుద్ధముతో పని కాదు, భేదోపాయమే శరణ్యమని గ్రహించెను.

తరువాతి కథ బౌద్ధవ్యాఖ్యానమున నున్నది. వర్షకారుడు వజ్జిపక్షపాతియను నింద పడినట్లు నటించి, తల గొరిగించుకొని మగధనుండి వెడలగొట్టబడెను. లిచ్ఛవులు జాలిపడి ఆదరించి అధికారమిచ్చిరి. అతడు ఒక లిచ్ఛవిని ప్రక్కకు పిలిచి, "పొలము దున్నుచున్నారా? రెండెడ్లనే కట్టుచున్నారా?" అని చెవిలో అడిగెడివాడు. "ఆచార్యుడేమనెను?" అని తోడివాడు అడుగగా అతడు ఉన్నమాటయే చెప్పెను. ఇంత చిన్నమాటకు రహస్యమేలయని తోడివాడు నమ్మడయ్యె. వేరొకనితో, "నీవు దరిద్రుడవట, ఫలానావాడు చెప్పెను" అనెను. ఇంకొకనితో, "నీవు పిరికివాడవట" అనెను. మూడేండ్లలో ఇద్దరు లిచ్ఛవులు ఒక్క త్రోవలో నడువని స్థితి వచ్చినది. సభాభేరి మ్రోగింపగా, ధనికులే పోవుదురు గాక, శూరులే పోవుదురు గాక యని ఎవరింట వారుండిరి. అజాతశత్రువు వచ్చునప్పటికి కోటవాకిళ్ళు తెరచియే ఉన్నవి. ఆ వర్షకారుడు బ్రాహ్మణుడని చెప్పుటకు మాకు సిగ్గుగనే ఉన్నది.

వంశగౌరవము మాత్రము నశింపలేదు. మనువు వీరిని వ్రాత్యక్షత్రియులలో లెక్కించినను, గుప్తవంశపు మొదటి చంద్రగుప్తుడు లిచ్ఛవికన్య కుమారదేవిని పెండ్లాడి, ఆమె రూపమును, లిచ్ఛవుల పేరును నాణెములపై వేయించెను. సముద్రగుప్తుడు లిచ్ఛవి దౌహిత్రుడనని ప్రయాగ స్తంభముపై చెక్కించుకొనెను. సభ పోయినది, బిరుదు మిగిలినది.

ద్వారకకు వర్షకారుని అవసరమే కలుగలేదు. ప్రభాసతీర్థమున మధుపానము చేసి, సాత్యకి కృతవర్మను నిద్రించువారిని చంపినవాడవని ఎత్తిపొడిచెను. కృతవర్మ భూరిశ్రవుని వధను ఎత్తి చూపెను. ఇద్దరి మాటలును సత్యములే, అదియే దుఃఖము. సాత్యకి కత్తి దూసి కృతవర్మ తల నరికెను. మునిశాపమువలన పుట్టిన ఇనుప ముసలమును పొడి చేయించి సముద్రమున కలిపియే ఉండిరి గదా! ఒడ్డున పెరిగిన తుంగను పెరుకగా అదియే వారి చేతులలో ముసలములైనది. తండ్రి కుమారుని, కుమారుడు తండ్రిని కొట్టిరి. స్వామి చూచుచునే ఉండెను. చివరకు తానును ఆ తుంగను పట్టెను.

శేషించిన స్త్రీబాలవృద్ధులను అర్జునుడు వెంటబెట్టుకొని పోయెను. కృతవర్మ కుమారుని మార్తికావతమున, సాత్యకి కుమారుని సరస్వతీతీరమున, స్వామి మునిమనుమడు వజ్రుని ఇంద్రప్రస్థమున నిలిపెను. ముగ్గురికిని మూడు వేర్వేరు రాజ్యములు. సుధర్మసభను మరల కూర్చినట్లు మౌసలపర్వమున ఎచ్చటను లేదు.