పాట గడప దాకా వస్తుంది

లక్డీకాపూల్ అంటే కర్రవంతెన. ఆ కర్రవంతెన ఎప్పుడో పోయింది, పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. మొన్న సాయంత్రం సరిగ్గా అక్కడే మా ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పక్క కారులో ఒక కొత్త సినిమా పాట మోగుతోంది. ముందున్న ఆటోలోనూ అదే పాట. తీరా చూస్తే మా అమ్మాయి చేతిలోని ఫోనులోనూ అదే!

"ఇదేమిటే, ఊరంతా కూడబలుక్కున్నట్టు ఒక్క పాటే వింటోంది?" అన్నాను.

"కంపెనీ వాళ్లు డబ్బు పోశారమ్మా. రోజుకి యాభైసార్లు చెవిలో వేస్తే ఏ పాటైనా హిట్టే," అంది, ఆరిందాలా.

ఆ మాట ఊరికే అనలేదని ఇంటికి వెళ్లాక తెలిసింది. మా అమ్మాయి కాలేజీలో పాడుతుంది. ఎవరో ఫోన్ చేశారట. నలభై వేలు కడితే దాని పాట రికార్డు చేసి, బోలెడు ప్రచారం చేసి, లక్షల మంది చేత వినిపిస్తారట. మావారు పేపరు అడ్డం పెట్టుకుని, "నువ్వే తేల్చు, రచయిత్రివి కదా," అన్నారు. ఇలాంటప్పుడే ఆయనకి నా రచనలు గుర్తొస్తాయి!

మన దేశంలో పాట సరుకై అంగడికెక్కింది 1902లో. గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించాడు. పాట చివర ఆవిడ తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకునేది. రికార్డులు తయారయ్యేది జర్మనీలో కదా, అక్కడివాళ్లకి ఎవరి పాటో తెలియాలి మరి! తర్వాత ఇంటింటికీ కుక్కబొమ్మ ప్లేట్లు వచ్చాయి. ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలు పట్టేది. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాలకి కుదించే బలం కంపెనీకి ఉంది. కానీ ఆ మూడు నిమిషాలూ మనం మళ్లీ మళ్లీ పాడుకునేలా చేసే బలం ఉందా?

"మా తెలుగు తల్లికి మల్లెపూదండ" సంగతి చూడండి. శంకరంబాడి సుందరాచారిగారు దాన్ని 1942 నాటి 'దీనబంధు' సినిమా కోసం రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారిగారు గ్రామఫోను రికార్డుకి పాడారు. అక్కణ్ణించి ఆ పాట బళ్లలోకీ, సభల్లోకీ, ఇళ్లలోకీ వెళ్లింది. హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన 1975లో రాష్ట్ర గీతమైంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రికార్డే రాకపోతే పాట కాగితం మీదే ఉండిపోయేదేమో. కాబట్టి కంపెనీ పాత్ర లేదనలేం. కానీ ఆ రోజుల్లో అదే కుక్కబొమ్మతో, అవే దుకాణాల్లో ఇంకెన్ని రికార్డులు వచ్చి ఉంటాయి! వాటిలో ఎన్ని మనకి తెలుసు? తలుపు అన్నిటికీ తెరిచారు, లోపలికి రమ్మని కుర్చీ వేసింది మాత్రం కొన్నిటికే. ఇంకోమాట కూడా చెప్పాలి. పాట ఊరూరా మోగినా, దాన్ని రాసిన సుందరాచారిగారు మాత్రం 1977లో పేదరికంలోనే కన్నుమూశారు. పాట హిట్టవడం వేరు, పాట కన్నవాళ్ల కడుపు నిండడం వేరు.

ఇక రేడియో. లక్డీకాపూల్‌కి కూతవేటు దూరంలో, సైఫాబాదులో ఆకాశవాణి ఉంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. సినిమా పాటల కోసం వివిధభారతి 1957లో మొదలైంది. నా చిన్నప్పుడు మా అమ్మ పదిహేను పైసల కార్డు మీద కోరిన పాట రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసేది. అప్పటికింకా పుట్టని మా తమ్ముడి పేరు కూడా ఒకసారి చేర్చింది! ఆ కార్డు రాయమని అమ్మకి ఏ కంపెనీ కానీ ఇవ్వలేదు. పైగా కార్డు ఖర్చు తనదే, పోపుల డబ్బాలోంచి.

అమెరికాలో మాత్రం కంపెనీలు రేడియోలో పాటలు వేసేవాళ్లకి చాటుగా డబ్బులిచ్చేవి. 1959-60లో అది పెద్ద రచ్చయి, చట్టసభ విచారణ దాకా వెళ్లింది. అలన్ ఫ్రీడ్ అనే పేరుమోసిన వ్యాఖ్యాత బతుకు అందులో బుగ్గయిపోయింది. డబ్బిస్తే పాట గాలిలోకెక్కుతుందన్నది నిజమే. గాలిలోకెక్కినవన్నీ గుండెలోకి దిగితే ఏ కంపెనీకీ నష్టమన్నదే ఉండేది కాదుగా?

దీనికి ఎదురు కథ 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు తొలిరోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. చూసివచ్చినవాళ్లు పక్కింటివాళ్లకి చెప్పారు, వాళ్లు ఇంకొకళ్లకి చెప్పారు. ఆ నోటిమాటే దాన్ని నిలబెట్టింది. ఆ పాటలకి బాలసుబ్రహ్మణ్యంగారికీ, వాణీ జయరాంగారికీ జాతీయ పురస్కారాలు కూడా వచ్చాయి.

అంతకంటే దగ్గరి సాక్ష్యం ఇదే లక్డీకాపూల్ పక్కన ఉంది. అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కులో అమరవీరుల స్తూపం ఉంది కదా. తెలంగాణ ఉద్యమంలో అలాంటి చోట్ల, ధర్నాల్లో, బళ్లలో వేలమంది పాడినది అందెశ్రీగారి "జయజయహే తెలంగాణ". ఆయన బడికెళ్లి చదువుకోలేదు, గొడ్లుకాశారు, తాపీపని చేశారు. ఆ పాటని జనంలోకి మోసింది కంపెనీ ప్రచారం కాదు, జనం గొంతులే. 2024లో అది రాష్ట్ర గీతమైంది. ఆ గౌరవం కళ్లారా చూసి, 2025లో ఆయన వెళ్లిపోయారు.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. "అవన్నీ గొప్పవాళ్ల సంగతులమ్మా," అని తీసిపారేసింది. అప్పుడు మా పిన్ని సంగతి చెప్పక తప్పింది కాదు.

పిన్నిది తియ్యని గొంతు. క్యాసెట్ల రోజుల్లో ఒక చిన్న కంపెనీవాళ్లు లలితగీతాలు పాడిస్తామన్నారు, ప్రచారం ఖర్చు మాత్రం తననే పెట్టుకోమన్నారు. రెండు జతల గాజులు తాకట్టు పెట్టింది. లక్డీకాపూల్ నించి పంజాగుట్ట దాకా గోడల మీద పిన్ని బొమ్మే! మేం పిల్లలం బస్సు కిటికీలోంచి లెక్కపెట్టుకుని మురిసిపోయేవాళ్లం. ఆరు నెలలకి రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు తిరిగొచ్చాయి. నిజం చెప్పాలంటే, గొంతు పిన్నిదేగాని పాటలు పిన్నివి కావు. అప్పటి సినిమా పాటలకి నీడల్లా ఉండేవి. పోస్టరు చూసినవాళ్లు ఒకసారి విన్నారు, రెండోసారి వినడానికి ఎవరికీ కారణం కనబడలేదు. గాజులు మళ్లీ ఇంటికి రాలేదు.

మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వద్దంటావా?" అంది.

"అననే. కిందటేడాది ఇలాగే ఊరంతా మోగిన పాట ఒకటుంది, అదేదో చెప్పు," అన్నాను.

తల గోక్కుంది. గుర్తురాలేదు. నాకూ గుర్తులేదనుకోండి, ఆ ముక్క పైకి అనలేదు.

"డబ్బు పాటని గడప దాకా తీసుకొస్తుందే. గడప దాటించేది వినేవాళ్లే. ముందు నీ పాట మన అపార్ట్‌మెంటు బతుకమ్మలో పాడు, కాలేజీలో పాడు, అమ్మమ్మకి వినిపించు. ఎవరైనా 'మళ్లీ ఒకసారి పాడవూ' అని అడిగితే అప్పుడు నలభై వేల సంగతి చూద్దాం," అన్నాను.

మావారు పేపరు దించి, "ఇదేదో బాగానే ఉంది, ఖర్చు లేకుండా," అన్నారు.

ఆ రాత్రి నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే లోపలి గదిలోంచి పాట వినిపించింది. సినిమా పాట కాదు, దాని సొంత పాటే. రెండు చరణాలు పాడి ఆగిపోయింది.

"ఏమే, ఆపేశావేం? మళ్లీ పాడు," అన్నాను, గిన్నె చేత్తోనే పట్టుకుని.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ, ఏమన్నానో నాకే తెలియలేదు.