గంజాయి చట్టం: భారత ప్రభుత్వ ధోరణి

గంజాయి మన దేశంలో చాలాకాలం నేరం కాదు, ఆబ్కారీ రాబడి. దాని మీద బ్రిటిష్ పార్లమెంటులో చర్చ రేగడంతో 1893లో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన కమిషన్ వేశారు. అది 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదనీ, అతిగా వాడితే ఉందనీ తేల్చి, నిషేధం వద్దు, లైసెన్సుతో పన్నుతో అదుపు చేయమంది. నిజాం ఏలుబడిలోని తెలంగాణకూ 1333 ఫసలీలో మత్తుపదార్థాల చట్టం వచ్చింది.

తర్వాత దారి మళ్లింది ఆ నివేదిక తప్పని తేలి కాదు, అంతర్జాతీయ ఒప్పందం వల్ల. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయిని నల్లమందు సరసన చేర్చింది. వైద్యానికి తప్ప మిగతా వాడకం మాన్పించడానికి 25 ఏళ్ల గడువిచ్చింది. ఆ గడువు దగ్గరపడుతుండగా, 1985 నవంబరు 14న మత్తుమందుల కట్టడికి ఎన్‌డీపీఎస్ చట్టం అమలులోకి వచ్చింది. అందులో గంజాయి అంటే ఏమిటో చూడాలి. మొక్క కొసన పట్టే పూత, కాయ గంజాయి; అదే మొక్క ఆకును విడిగా తుంచితే అది గంజాయి కాదు. భంగు అలా బయటపడి రాష్ట్రాల ఎక్సైజు చట్టాల కిందే ఉండిపోయింది. అంటే నిషేధంలోనూ మినహాయింపుకు చోటుందని ప్రభుత్వం మొదటినుంచీ ఒప్పుకుంది. పైగా ఆ చట్టం తేవడానికి చెప్పిన ముఖ్య కారణం మన దేశం మీదుగా సాగుతున్న దొంగరవాణా. రవాణాదారు కోసం పన్నిన వల తాగేవాడి మీద కూడా పడటమే దీని అసలు లోపం.

1989లో బెయిలు కష్టమైంది, కొన్ని నేరాలు మళ్లీ చేస్తే మరణశిక్ష దాకా వెళ్లారు. 2001లో కొంత సడలింపు వచ్చింది: కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం, దానికి పదేళ్లకు తగ్గని జైలు. మానేరు వాగుకు ఇవతల సిరిసిల్ల, అవతల తంగళ్ళపల్లి; అక్కడ సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి షిఫ్టు చేసే పిల్లగాడి జేబులో చిన్న పొట్లం దొరికిందనుకుందాం. ఏడాది వరకు జైలు పడవచ్చు. అతను వ్యసనపరుడై, తానే ముందుకొచ్చి ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్స చేయించుకుంటే 64ఏ సెక్షన్ అతన్ని విచారణ నుంచి తప్పిస్తుంది. కానీ ఆ సెక్షన్ సంగతి అతనికి ఎవరు చెప్పాలి? చట్టంలో ఉన్న ఈ తలుపు తెరవడమే మొదటి సంస్కరణ అని నా అభిప్రాయం.

మెతకబడితే శీలావతి రకం గంజాయి ఊళ్లను ముంచుతుందనే భయం తీసిపారేయదగ్గది కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఒక్కరోజే సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. తెలంగాణలో 2021లో గంజాయి పండించేవారికి రైతుబంధు ఆపుతామని ప్రకటించారు. అయితే తాగేవాడిని ఆసుపత్రికి పంపితే 20 కిలోల వాడి శిక్ష ఒక్కరోజూ తగ్గదు. 1894 నాటి గంజాయి వేరు, నేటి సరుకు ఘాటు వేరు అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, లేతవయసులో మొదలుపెడితే మతిభ్రమణం దాకా వెళ్లే ప్రమాదముంది. కానీ ఆ జబ్బుకు కావలసింది వైద్యుడు, జైలరు కాదు. 2019లో కేంద్రం వెలువరించిన సర్వే ప్రకారం ఏడాదిలో భంగు, గంజాయి, చరస్ వాడినవారు 3.1 కోట్లు. భంగు వాడేవారిని తీసేసినా, మిగతావారిని పెట్టడానికి జైళ్లెక్కడివి?

2020 డిసెంబరులో గంజాయిని 1961 ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి తీసేయడానికి ఐక్యరాజ్యసమితి కమిషన్‌లో భారత్ అనుకూలంగా ఓటేసింది. 27–25తో తీర్మానం గట్టెక్కింది. మరుసటి ఏడాది సామాజిక న్యాయ శాఖ, సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవారిని నేరస్థులుగా కాక బాధితులుగా చూడాలని సూచించింది. వాడితే ఆరు నెలల వరకు జైలు అనే 27వ సెక్షన్ మాత్రం ఆ సూచన తర్వాతా చట్టంలో అలాగే ఉంది.