సత్నామ్ సింగ్: ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు

అమెరికాలోని నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్‌బీఏ) వార్షిక డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయ క్రీడాకారుడు సత్నామ్ సింగ్ భమారా. 2015 జూన్ 25న డల్లాస్ మావెరిక్స్ జట్టు ఆయనను 52వ స్థానంలో ఎంచుకుంది. అయితే ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లో ఒక్కసారి కూడా బరిలోకి దిగకుండానే ఆయన బాస్కెట్‌బాల్ ప్రస్థానం ముగిసింది.

బాల్యం, శిక్షణ

సత్నామ్ 1995 డిసెంబరు 10న పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. లూథియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో ఆట నేర్చుకున్నారు. 2010లో ఉపకార వేతనంపై ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లినప్పుడు ఆయనకు 14 ఏళ్లు. ఇంగ్లిష్ అంతగా రాదు. ఆటతో పాటు భాషనూ అక్కడే నేర్చుకోవలసి వచ్చింది.

ఎంపిక తర్వాత

డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లలో 60 మందిని ఎంపిక చేసేవారు. తొలి రౌండ్‌లో ఎంపికైనవారికి ఒప్పందం దాదాపు ఖాయం; రెండో రౌండ్ వారికి ఆ హామీ ఉండదు. సత్నామ్ రెండో రౌండ్ ఆటగాడు. మావెరిక్స్ తరఫున సమ్మర్ లీగ్‌లో ఆడాక, అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు గడిపారు. అక్కడ కూడా ఆయనకు దక్కిన ఆట సమయం స్వల్పమే.

ఆట తీరు మారుతున్న కాలమది. మూడు పాయింట్ల షాట్లకు, వేగానికి ప్రాధాన్యం పెరిగి, బుట్ట దగ్గరే నిలబడి ఆడే భారీకాయుల అవసరం తగ్గింది. 7 అడుగుల 2 అంగుళాల ఎత్తున్న సెంటర్‌కు అది కఠిన పరీక్ష. స్వదేశంలో ఆ స్థాయి వృత్తి లీగ్ లేకపోవడం మరో లోటు.

నిషేధం

2017లో భారత్‌కు తిరిగివచ్చిన సత్నామ్, 2018-19 సీజన్‌లో కెనడా జట్టు సెయింట్ జాన్స్ ఎడ్జ్‌కు ఆడారు. 2019 నవంబరులో సేకరించిన నమూనాలో నిషిద్ధ పదార్థం హైజెనమైన్ బయటపడింది. ఆరోపణను ఆయన తోసిపుచ్చి విచారణ కోరారు. 2020 డిసెంబరులో రెండేళ్ల నిషేధం ఖరారైంది. ఆటగాడిగా పరిణతి సాధించవలసిన వయసు అందులోనే గడిచిపోయింది.

2021లో ఆల్ ఎలైట్ రెజ్లింగ్ సంస్థతో ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాది కుస్తీ వేదికపై అడుగుపెట్టారు.

ప్రాధాన్యం

ఆయనకు ముందే, 2015 ఏప్రిల్‌లో, భారత సంతతికి చెందిన కెనడా ఆటగాడు సిమ్ భుల్లర్ శాక్రమెంటో కింగ్స్ తరఫున ఎన్‌బీఏలో ఆడారు. అయితే భారత్‌లో పుట్టి, ఇక్కడి అకాడమీలో ఆట నేర్చి డ్రాఫ్ట్ వరకు చేరిన తొలి వ్యక్తి సత్నామే. ప్రతిభను గుర్తించడంతోనే పని పూర్తికాదని, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆడే అవకాశం దక్కాలని ఆయన ప్రస్థానం తెలుపుతోంది.