కయాక్ మీద గాలం: చేత్తో చేసుకున్న సామాన్ల చరిత్ర



ఈసారి మన ప్రాంతం కాని ఒక విషయం గురించి రాస్తున్నాం. కయాక్ అనే చిన్న పడవ గురించి, దాని మీద కూర్చుని వేట చేసేవాళ్లు తమ చేతులతో చేసుకున్న సామాన్ల గురించి. పోస్టు కొంచెం పొడుగే. కానీ చివరిదాకా చదవండి, మనందరం చేయాల్సిన పని ఒకటి చివర్లో ఉంది.

కయాక్ అంటే ఒక్క మనిషి పట్టేంత సన్నటి పడవ. తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఇప్పుడు ఈ పడవ మీద గాలం వేయడం చాలామందికి సరదా. కంపెనీ పడవ కొంటారు, ఇంటికి తెచ్చి దానికి కన్నాలు పెడతారు, పీవీసీ పైపులు బిగిస్తారు, వెనకాల పాల ప్యాకెట్ల క్రేట్ ఒకటి కడతారు. ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు మార్చుకుంటారు. దీన్ని 'డూ ఇట్ యువర్‌సెల్ఫ్' అని గొప్పగా చెప్పుకుంటారు. మంచిదే. కానీ కయాక్ చరిత్ర కంపెనీతో మొదలవలేదు. అసలు కయాక్ అనేదే మొత్తంగా చేత్తో చేసుకున్న వస్తువు. చేసింది ఆదివాసీలు.

చెట్టు లేని చోట పడవ

గ్రీన్లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల్లో ఇన్యుయిట్, యుపిక్, ఉనంగన్ అనే ఆదివాసీ జాతులున్నాయి. మన స్కూలు పుస్తకాల్లో వీళ్లలో చాలామందిని 'ఎస్కిమోలు' అని రాశారు. అది బయటివాళ్లు పెట్టిన పేరు, వాళ్లలో చాలామందికి ఇష్టం లేని పేరు. ఉనంగన్‌లను కూడా రష్యావాళ్లు 'అల్యూట్' అన్నారు. పేర్ల విషయంలో మనకు జరిగిందే వాళ్లకీ జరిగింది. కయాక్ అనే మాట మాత్రం ఇన్యుయిట్‌లదే.

వాళ్ల తీరంలో చాలా చోట్ల పడవ చేయడానికి పనికొచ్చే చెట్టు ఒక్కటి కూడా ఉండదు. ఎక్కడో దూరపు నదుల నుంచి సముద్రంలోకి కొట్టుకొచ్చి ఒడ్డున పడిన కర్రే వాళ్లకు దిక్కు. ఆ కర్ర ముక్కలతో పక్కటెముకల్లాంటి చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు కప్పి పడవ చేశారు. గ్రీన్లాండ్‌లో తవ్వకాల్లో దాదాపు 4000 ఏళ్ల నాటి కయాక్ చట్రం ముక్కలు దొరికాయి. అంటే ఈ ఇంజనీరింగ్ ఎంత పాతదో చూడండి.

కొలతలకు టేపు లేదు, మనిషి ఒళ్లే కొలబద్ద. గ్రీన్లాండ్ పద్ధతిలో పొడవు ఆ మనిషి బారకు సుమారు మూడింతలు. కూర్చునే చోట వెడల్పు అతని నడుము వెడల్పు, దానికి రెండు పక్కలా ఒక్కో పిడికిలి. లోతు ఎంతంటే, పిడికిలి బిగించి బొటనవేలు నిలబెడితే ఎంతో అంత. ఊరిని బట్టి, వేటను బట్టి లెక్కలు మారేవి గానీ పద్ధతి ఇదే. అందుకే ఒకరి కయాక్ ఇంకొకరికి సరిగ్గా సరిపోదు. చొక్కా కుట్టించుకున్నట్టు పడవను ఒంటికి కుట్టించుకునేవాళ్లు.

కుట్టేది ఆడవాళ్లు. ఈ మాట చాలా పుస్తకాల్లో ఒక లైన్‌లో దాటేస్తారు, కానీ పడవ మునగకుండా ఆపేది వాళ్ల కుట్టే. రెండు తోళ్లు కలిపేటప్పుడు సూది అవతలికి దిగకుండా, తోలు మందంలో సగం దాకా మాత్రమే పోనిచ్చి తిరిగి పైకి తీసేవాళ్లు. దారం జంతువు నరంతో పేనింది. తడిస్తే ఆ నరం ఉబ్బి కన్నాన్ని మూసేస్తుంది. పైన సీల్ కొవ్వు పట్టిస్తారు. చట్రాన్ని కూడా తోలు తాళ్లతో కట్టేవాళ్లు, కర్ర మేకులు, ఎముక మేకులు వాడేవాళ్లు. కట్టు కాబట్టి అలకు కొద్దిగా వంగుతుంది, విరగదు.

పడవ మీద సామాన్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కయాక్ మీద కూర్చున్న మనిషికి రెండే చేతులు, రెండూ తెడ్డుకే కావాలి. లేచి నిలబడే వీల్లేదు. వెనక్కి తిరిగితే పడవ ఒరుగుతుంది. చేపో సీలో గట్టిగా లాగితే మనిషినీ లాక్కుపోతుంది. తిరగబడితే నీళ్లు మంచులా ఉంటాయి, ఎక్కువసేపు బతకలేం. ఈ కష్టాల్లో ఒక్కోదానికి ఒక్కో సామాను చేసుకున్నారు.

చేతులు ఖాళీ లేవు కాబట్టి పడవ పైభాగం మీద అడ్డంగా తోలు పట్టీలు కట్టి, ఎముక బిళ్లలతో బిగించారు. ఈటెలు ఆ పట్టీల కింద దోపుతారు, చూడకుండానే చేతికి అందుతాయి. తాడు చిక్కు పడితే ప్రాణానికే ముప్పు, అందుకని గ్రీన్లాండ్‌లో మనిషి ముందు కాళ్లున్న గుండ్రటి పీట లాంటిది పెట్టి దాని మీద తాడు చుట్ట ఉంచేవాళ్లు. ఈటె విసరగానే తాడు దానంతట అదే విప్పుకుంటూ పోతుంది. తాడు రెండో చివర వెనకాల ఉన్న బూరకు కట్టి ఉంటుంది. అది సీల్ తోలులో గాలి ఊదినది. మన దగ్గర సొరకాయ బుర్రల్లాగా తేలుతుంది. దెబ్బ తిన్న సీల్ ఆ బూరతో పెనుగులాడి అలసిపోతుంది, పడవ మాత్రం క్షేమం. ఈటె మొన కూడా లోపలికి దిగాక అడ్డం తిరుగుతుంది, కర్ర నుంచి ఊడి వస్తుంది, కాబట్టి కర్ర విరగదు. పెద్ద జంతువులకైతే కొన్ని చోట్ల చక్రం లాంటి చట్రానికి తోలు సాగదీసి తాడుకు కట్టేవాళ్లు. అది నీటిలో అడ్డంగా నిలిచి వేగం తగ్గిస్తుంది.

అలాస్కా వైపు ద్వీపాల్లో ఉనంగన్‌లు కయాక్ మీద నుంచే కాడ్, హాలిబట్ చేపలు గాలంతో పట్టేవాళ్లు. గాలం కర్ర, ఎముకలతో చేసింది. దారం కోసం సముద్రంలో పెరిగే కెల్ప్ అనే నాచు కాడలు వాడేవాళ్లు. తడవకుండా సముద్ర సింహం పేగులతో కుట్టిన చొక్కా తొడిగేవాళ్లు. మనం వర్షానికి గొంగడి కప్పుకున్నట్టే, దొరికినదాంతో పని నడిపించడం.

ఇక తిరగబడే ప్రమాదానికి సామాను చాలదు, విద్య కావాలి. తోలు చొక్కా అంచును కూర్చునే కన్నం చుట్టూ బిగించి కట్టి, బోల్తా పడినా తెడ్డుతో ఒక ఊపు ఊపి మళ్లీ పైకి లేచేవాళ్లు. తెడ్డు పోతే చేత్తో, చెయ్యి తాడులో చిక్కితే ఇంకో రకంగా, ఇలా రకరకాల పద్ధతులు పిల్లలకు నేర్పేవాళ్లు.

సంప్రదాయం అంటే ఆగిపోయింది కాదు

మ్యూజియంలో కయాక్ కింద 'సంప్రదాయ పడవ' అని రాస్తారు. ఆ మాట చదివితే వేల ఏళ్లు అదే పడవ, అదే పద్ధతి అనిపిస్తుంది. నిజం వేరు. గ్రీన్లాండ్‌లో తుపాకులు వచ్చాక ఏం చేశారో చూడండి. తుపాకీ తడవకుండా పడవ మీద తోలు సంచి కట్టారు. గురి పెట్టేటప్పుడు తెడ్డు వదిలేయాలి, అప్పుడు పడవ పక్కకు తిరుగుతుంది. అందుకని వెనక కింది భాగంలో చిన్న రెక్క బిగించారు, పడవ తిన్నగా నిలుస్తుంది. సీల్ మనిషిని చూసి మునిగిపోకుండా ముందు తెల్లటి గుడ్డ తెర పెట్టారు, దూరం నుంచి మంచు ముక్కలా కనపడుతుంది. తర్వాత చాలా చోట్ల తోలు బదులు కాన్వాస్ గుడ్డ వచ్చింది. ఇవన్నీ మార్పులే. చేసింది ఏ ఫ్యాక్టరీ కాదు, ఆ పడవలో కూర్చున్నవాళ్లే.

ఆ నైపుణ్యం వాళ్లకే సంకెల అయిన కాలం కూడా ఉంది. 1741లో బేరింగ్ యాత్ర అలాస్కా చేరి, సముద్రపు నీటికుక్క తోళ్లతో తిరిగి వెళ్లింది. ఆ తోలుకు మంచి ధర. నీటికుక్కను నడి సముద్రంలో పట్టగలిగింది కయాక్ వేటగాళ్లే, రష్యా వ్యాపారులకు ఆ విద్య రాదు. అందుకని ఉనంగన్ ఊళ్లలో ఆడవాళ్లనూ పిల్లలనూ బందీలుగా ఉంచుకుని మగవాళ్లను వేటకు పంపారు. 1799లో పెట్టిన రష్యన్ అమెరికన్ కంపెనీ కాలంలోనూ బలవంతపు వేట సాగింది. మగవాళ్లు కంపెనీ పని మీద పోతే ఇంటికి చలికాలం తిండి దాచేదెవరు? హింస, ఆకలి, బయటి రోగాలతో ఊళ్లు ఖాళీ అయ్యాయి. మూడు కన్నాల కయాక్ ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ఆ కాలంలోనే. ముందూ వెనకా ఉనంగన్‌లు తెడ్డు వేస్తుంటే మధ్యలో దొర కూర్చునేవాడు. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. అక్కడి జాతులను అడిగి అమ్మింది కాదు.

పేరు ఎవరిదయింది?

1905లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హ్యూరిష్ అనే విద్యార్థి మడత పెట్టే కయాక్ చేశాడు. 1907లో క్లెప్పర్ అనే దర్జీ ఆ హక్కు కొని వ్యాపారం మొదలుపెట్టాడు. చట్రం, మీద కవరు, అదే పాత సూత్రం. 1927లో ఆస్ట్రియాకు చెందిన పావ్లాటా అనే ఆయన గ్రీన్లాండ్ గురించి రాసిన పుస్తకాలు చదివి, బోల్తా పడి లేచే విద్య సాధన చేసి సాధించాడు. ఆ పద్ధతికి 'పావ్లాటా రోల్' అని పేరు పడింది. ఇప్పటికీ శిక్షణ పుస్తకాల్లో ఆ పేరు ఉంటుంది. ఆయన కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ తరతరాలుగా ఆ విద్యతో ప్రాణాలు కాపాడుకున్న గ్రీన్లాండ్ వేటగాళ్లలో ఒక్కరి పేరు కూడా అందులో లేదు.

తర్వాత ఫైబర్‌గ్లాస్ కయాక్‌లు, 1970ల నుంచి ప్లాస్టిక్‌వి వచ్చాయి. 1971 ప్రాంతంలో కాలిఫోర్నియాలో టిమ్ నీమియర్ అనే యువకుడు లోపల కాకుండా పైన కూర్చునే రకం చేశాడు. చేపలు పట్టేవాళ్లకు అది బాగా కుదిరింది. నీళ్లు లోపల నిలవవు, కన్నాల్లోంచి కిందికి పోతాయి, పడిపోతే మళ్లీ ఎక్కొచ్చు.

కానీ పడవ మారినా పాత కష్టాలు మారలేదు. రెండు చేతులూ తెడ్డుకే కావాలి, వెనక్కి తిరగలేం, గాలి పడవను నెట్టేస్తుంది. అందుకే వీళ్లూ ఇంట్లో కూర్చుని సామాన్లు చేసుకున్నారు. పాల క్రేట్‌కు పీవీసీ పైపు ముక్కలు కట్టి గాలం కర్రలు నిలబెట్టారు. రబ్బరు తాళ్లతో దాన్ని పడవకు బిగించారు. పడవ పక్క పొడవునా చిన్న కప్పీల మీద తాడు నడిపి, దానికి ఒక రింగు కట్టి, లంగరు తాడును కూర్చున్నచోటి నుంచే అణియం వైపుకో అమరం వైపుకో జరిపే ఏర్పాటు చేశారు. గుడ్డతో గరాటా కుట్టి నీటిలో వదిలి పడవ కొట్టుకుపోయే వేగం తగ్గించారు. కర్ర నీళ్లలో పడితే మునగకుండా ఫోమ్ ముక్క తొడిగారు. పక్కలకు పైపులు చాచి, చివర్లో తేలే బుడగలు కట్టి ఒరగకుండా చేశారు.

ఇప్పుడు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తాడు పీటకు బదులు క్రేట్. తోలు పట్టీకి బదులు రబ్బరు తాడు. గాలి ఊదిన తోలుకు బదులు ఫోమ్. తోలు చక్రానికి బదులు గుడ్డ గరాటా. వీళ్లు వాళ్లను చూసి కాపీ కొట్టారని మేం అనడం లేదు. కష్టం ఒకటే కాబట్టి జవాబులు దగ్గరగా వచ్చాయి. మెల్లగా కంపెనీలు కూడా ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లనే పడవకు బిగించి అమ్మడం మొదలుపెట్టాయి.

చేసిన పని ఒకటే అయినా పేర్లు మూడు. ఆదివాసీ చేస్తే 'సంప్రదాయం'. ఊళ్లో మామూలు మనిషి చేస్తే 'సొంత ప్రయోగం'. కంపెనీ చేస్తే 'ఇన్నోవేషన్', దానికి ధర, పేటెంటు. మేం ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే.

మరి మన సంగతి?

గ్రీన్లాండ్‌లో 20వ శతాబ్దంలో మోటారు పడవలు వచ్చి చాలా చోట్ల కయాక్ మూలపడింది. 1980లలో అక్కడి యువకులు పూనుకుని, పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుని, పాత పడవలు చూసి కొత్తవి కట్టారు. ఊరూరా కయాక్ సంఘాలు పెట్టారు. ఇప్పుడు ఏటా పోటీలు జరుగుతున్నాయి. అడగడానికి పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టే అది కుదిరింది.

మన నదుల మీద పుట్టి చూడండి. వెదురు బద్దలతో అల్లిన బుట్ట, ఒకప్పుడు తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు కప్పి తారు పూస్తున్నారు. చెరువుల్లో థర్మోకోల్ తెప్పలు, లారీ ట్యూబుల మీద కూర్చుని వల వేసేవాళ్లు ఉన్నారు. మన ఊళ్లలో మావులు, బుట్టలు, గాలాలు ఊరికో తీరుగా ఉంటాయి. వీటిని చూసి 'పాత పద్ధతి' అంటారు, లేదంటే 'పేదవాళ్ల జుగాడ్' అంటారు. వాటి వెనక ఉన్న లెక్క ఎవరూ అడగరు.

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పని ఇది. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు చేపలు పట్టే ఒక్క సామాను ఎంచుకోండి. తాతనో, అవ్వనో, మామనో అడిగి ఐదు సంగతులు రాసుకోండి. మన భాషలో, అంటే కోయలోనో గోండిలోనో కువిలోనో సవరలోనో, దాని పేరేంటి? కొలత దేనితో తీస్తారు, జానతోనా, మూరతోనా? ముందు దేనితో చేసేవాళ్లు, ఇప్పుడు దేనితో? ఆ మార్పు ఎందుకు వచ్చింది? ఊళ్లో మొదట మార్చింది ఎవరు? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. వాళ్లు సరేనంటే పేరు కూడా రాయండి. ఒక ఫోటో తీసి, రాసింది ఇక్కడ పెట్టండి. చిన్నదైనా పర్వాలేదు.

జై ఆదివాసీ.