గోరు దాటని మందు

కర్నూలు-కడప (కేసీ) కాలువ రాకముందు నంద్యాల, ఆళ్ళగడ్డ నేలలు జొన్నకు, కొర్రకు, పత్తికి పేరు. చెరువుల కింద కొంత వరి ఉండేది గానీ, నల్లరేగడిని నమ్ముకున్న జనానికి రోజంతా చేతులు నీళ్ళలో నానే పని తక్కువ. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర పని మొదలుపెట్టి, 1870 నాటికి కాలువను కడప దాకా తీసుకెళ్ళింది. పొడవు మూడువందల కిలోమీటర్ల పైమాటే. కంపెనీకి నష్టాలే మిగిలాయి. 1882లో ప్రభుత్వం దాన్ని సొంతం చేసుకుంది. ఆ తర్వాత కాలువ కింద వరిమళ్ళు పెరిగాయి, నాట్లు వేసే చేతులు పెరిగాయి. కాలువ గురించి రాసిన పుస్తకాల్లో ఆయకట్టు లెక్కలుంటాయి, నీటితీరువా గొడవలుంటాయి. నాట్లు వేసిన ఆడవాళ్ళ గోళ్ళ సంగతి మాత్రం ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఆ కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి నేను. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, చివర్లో నంద్యాలలోనూ ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం పేరు ఏదైనా పల్లెల్లో నన్ను కాంపౌండరు సారనే పిలిచేవాళ్ళు. జ్వరానికి, దగ్గుకు వచ్చినవాళ్ళు మందు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. గోటి జబ్బుతో వచ్చినవాళ్ళు మాత్రం ఆఖర్న, ఎవరూ లేనప్పుడు, కొంగు చాటు నుంచి చెయ్యి బయటికి తీసేవాళ్ళు. దాన్ని జబ్బు అనుకోవడానికే వాళ్ళకు మొహమాటం.

వచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి గోరుచుట్టు. గోటి పక్క కండ వాచి, ఎర్రబడి, చీము పట్టి, రాత్రంతా సలుపు పెడుతుంది. ఉన్నట్టుండి వచ్చేదానికి ఎక్కువగా బాక్టీరియా కారణం. నెలల తరబడి మానకుండా, నొప్పి తక్కువగా, గోటి మొదట్లో ఉబ్బుగా ఉండిపోయే గోరుచుట్టు వేరు. నీళ్ళలో నాని నాని గోటికీ కండకూ మధ్య అతుకు ఊడిపోతే, ఆ సందులో కాండిడా అనే బూజు చేరుతుంది. గిన్నెలు తోమేవాళ్ళకూ, హోటళ్ళలో పనిచేసేవాళ్ళకూ కూడా ఇదే తిప్పలు. రెండో జబ్బు పిప్పిగోరు. గోరు పసుపు రంగుకు తిరిగి, మందమై, అంచున పొడిపొడిగా రాలిపోతుంది. ఎక్కువగా కాలి బొటనవేలితో మొదలవుతుంది. దీనికి ఎక్కువగా కారణమయ్యే బూజు ట్రైకోఫైటాన్ రూబ్రమ్. 1910లో ఇటలీ వైద్యుడు అల్డో కాస్టెల్లానీ దాన్ని వర్ణించాడు.

మందుల షాపులు లేని కాలంలో జనం ఏం చేసేవాళ్ళో మా అవ్వ చేతుల్లోనే చూశాను. గోరుచుట్టు లేస్తే నిమ్మకాయకు బొక్క పెట్టి, లోపల ఉప్పూ పసుపూ వేసి వేలికి తొడిగేది. చీము పట్టిందంటే ఊరి మంగలి దగ్గరికి పోవడమే. గోళ్ళు తీసే చిన్న కత్తితో ఆయన చీము తీసి కట్టు కట్టేవాడు. ఆ రోజుల్లో ఊరికి శస్త్రవైద్యుడంటే ఆయనే. ఆ సేవకు రావలసిన గౌరవం ఆయనకు ఎప్పుడూ దక్కలేదు.

గోరింటాకు సంగతి ఇంకా పెద్దది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం తెలుగువాళ్ళ ఇళ్ళలో అందరికీ తెలిసిన ఆచారమే. వానలు పడి, కాలువకు నీళ్ళొదిలి, నాట్లు మొదలయ్యే రోజులు కూడా అవే. ఆకును రోట్లో చింతపండు వేసి మెత్తగా రుబ్బి, వేలి కొసలకు టోపీల మాదిరి పెట్టి, రాత్రంతా ఉంచుకునేవాళ్ళు. నీళ్ళలో దిగేముందు గోళ్ళకు మంచిదని మా అవ్వ తరం నమ్మకం. ఆ ఆకులోని రంగు పదార్థం పేరు లాసోన్. గోళ్ళకు పట్టే బూజుల మీద ప్రయోగశాలలో దాని ప్రభావం కనిపించింది. పిప్పిగోరు దానితో నయమవుతుందని మాత్రం నేను చెప్పను. నేను ఎత్తి చూపేది ఇంకొకటి. లాసోన్ గోటిలోని కెరాటిన్‌ను పట్టుకుంటే మళ్ళీ వదలదు. అరచేతి ఎరుపు రెండు మూడు వారాల్లో పోతుంది. గోటి ఎరుపు చెరగదు, గోటితోపాటు ముందుకు జరుగుతుంది. ఆషాఢంలో పండిన గోటి మొదట్లో శ్రావణానికి సన్నటి తెల్లని చంద్రవంక కనబడుతుంది. దసరాకు అది సగం గోరవుతుంది. కార్తీకంలో కొసన మాత్రమే ఎరుపు మిగులుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు పెరిగేది అందులో సగం కూడా ఉండదు. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడితే, కాలి బొటనవేలి గోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ లెక్క మన ఆడవాళ్ళ వేళ్ళ మీద ఏటా కనిపిస్తూనే ఉంది. పిప్పిగోటి వైద్యమంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర ఉన్న మందులు మూడు. కాళ్ళు కడగడానికి పొటాషియం పర్మాంగనేటు, ఊదారంగు జెన్షన్ వయొలెట్, వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్. వైట్‌ఫీల్డ్ లండన్‌లో చర్మవైద్యుడు. ఆయన 1907లో చెప్పిన మందునే మేమూ కలిపేవాళ్ళం: బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, శాలిసిలిక్ ఆమ్లం 3 శాతం. పింగాణీ పలక మీద పొడులను ముందు కొంచెం మైనంతో నూరాలి. గరుకు తగలకుండా పోయాకే మిగతాది కొద్దికొద్దిగా కలపాలి. తొందరపడి ఒకేసారి కలిపితే పలుకులు పలుకులుగా మిగిలి చర్మం మండుతుంది. పొలం పనికి పోయేవాళ్ళు ఇంటి నుంచి తెచ్చిన చిన్న డబ్బాల్లో పెట్టించుకుని పోయేవాళ్ళు. వేళ్ళ సందులు ఒరిసిపోతే ఆ మందు బాగా పనిచేసేది. తామరకూ పనిచేసేది. గోటికి మాత్రం పనిచేసేది కాదు.

“సారూ, మూన్నెల్ల నుంచి పూస్తాండా, గోరు అట్లనే ఉండాది” అని అడిగేవాళ్ళు.

“పాత గోరు బాగుపడదమ్మా, అడుగు నుంచి కొత్త గోరు రావాల” అని చెప్పేవాణ్ణి. అది నిజమే. కానీ మందు లోపలికే పోకపోతే కొత్త గోరు కూడా జబ్బుతోనే వస్తుంది.

ఆళ్ళగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం. గోళ్ళతో హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి వెలసిన చోటు. ఆయన చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం జ్వాలా నరసింహుడి దగ్గర ఇప్పటికీ చూపిస్తారు. గోటి గట్టిదనం ఏమిటో ఈ నేల మీద పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఎద్దు కొమ్ము, గిట్ట, మన గోరు అన్నీ కెరాటినే. చర్మం పైపొర కంటే గోరు ఎన్నో రెట్లు మందం. దాని పోగులను గంధకపు బంధాలు గట్టిగా బిగించి ఉంచుతాయి. అసలు చిక్కు ఇంకోచోట ఉందని 1980ల మొదట్లో అమెరికాలో వాల్టర్స్, ఫ్లిన్ అనే పరిశోధకులు తేల్చారు. చర్మం పైపొరలో కొవ్వు సుమారు 10 శాతం ఉంటే, గోటిలో ఒక శాతం కూడా ఉండదు. నూనెలో కరిగే మందు చర్మంలోకి దిగుతుంది, గోటి ముందు ఆగిపోతుంది. గోరు నీటిని పీల్చుకునే జిగురు పలక లాంటిది. చర్మానికని చేసిన ఆయింట్‌మెంటును గోటికి పూయడం మొదటి నుంచీ తప్పు దారి. మేము ఊరూరా ఇచ్చిన మందు ఎందుకు చాలలేదో దీంతో తెలిసిపోయింది.

పైనుంచి పోకపోతే లోపలి నుంచి పంపాలన్నది ఇంకో దారి. 1939లో పెనిసీలియం జాతి బూజు నుంచి గ్రైసియోఫుల్విన్ అనే పదార్థం తీశారు. చాలా ఏళ్ళు అది మొక్కల తెగుళ్ళ వరకే పనికొచ్చింది. 1958లో గ్లాస్గోలో జెంటిల్స్ గినీపందులకు నోటి ద్వారా ఇచ్చి చర్మపు బూజును నయం చేశాక మనుషులకు మాత్రగా వచ్చింది. కాలి గోటికి ఏడాది, అంతకుమించి కూడా మింగాలి. కూలికి పోయే మనిషి ఏడాదిపాటు రోజూ మాత్ర వేసుకోవడం, నెలనెలా ఆసుపత్రికి రావడం మామూలు విషయం కాదు. చాలామంది మధ్యలోనే మానేసేవాళ్ళు, వాళ్ళను తప్పుపట్టలేం. కాండిడాకు అంతకుముందే నిస్టాటిన్ వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు ఒక పొలం మట్టిలోంచి దాన్ని పట్టుకుని 1950లో ప్రకటించారు. మట్టిలో నానిన చేతుల జబ్బుకు మట్టిలోంచే మందు రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

జబ్బు గోటినే తీసేయడం మూడో దారి. 1978లో ఫార్బర్, సౌత్ అనే వైద్యులు 40 శాతం యూరియా లేపనంతో, కత్తి పెట్టకుండా, జబ్బు గోటిని మెత్తబరిచి తీసే పద్ధతి రాశారు. పొలంలో చల్లే యూరియా, ఈ యూరియా రసాయనపరంగా ఒకటే. పొలం బస్తాలోది తీసి పూసుకోకూడదని మాత్రం వచ్చినవాళ్ళందరికీ గట్టిగా చెప్పాల్సి వచ్చేది.

అసలు మలుపు గోళ్ళరంగు రూపంలో వచ్చింది. మందును ఆయింట్‌మెంటులో కాకుండా త్వరగా ఆరిపోయే రంగులో కలిపారు. ద్రావకం ఆవిరైపోగానే గోటి మీద పలచని పొర మిగులుతుంది, మందు పాలు పెరుగుతుంది. సైక్లోపిరాక్స్ సీసాలో 8 శాతమే ఉన్నా, ఆరిన పొరలో దాదాపు 35 శాతం అవుతుంది. మందు చిక్కబడేకొద్దీ గోటిలోకి దిగే ఒత్తిడి పెరుగుతుంది. అమొరోల్ఫిన్ 5 శాతం రంగు 1990ల మొదట్లో ఐరోపాలో వచ్చింది. సైక్లోపిరాక్స్ రంగుకు అమెరికా 1999లో అనుమతి ఇచ్చింది. 2014లో అక్కడే ఇంకో రెండు పూతమందులకు అనుమతి వచ్చింది. జపాన్‌లో కాకెన్ సంస్థ తయారుచేసిన ఎఫినకొనజోల్ మిగతా మందులంతగా కెరాటిన్‌కు అంటుకుపోదు, అందుకే గోరు దాటి దాని కింది కండ దాకా చేరుతుంది. కాలిఫోర్నియాలో అనకోర్ సంస్థ బోరాన్‌తో చేసిన టావబోరోల్ చాలా చిన్న అణువు, నీళ్ళలో కూడా కొద్దిగా కలుస్తుంది. గోటి తత్వాన్ని చూసి మందును మలచడం ఈ రెండింటిలో కనిపిస్తుంది.

ఫలితాలు ఎలా ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏడాదిపాటు కాలి బొటనవేలికి రోజూ పూసిన తర్వాత, గోరు పూర్తిగా మామూలై, పరీక్షలో బూజు కూడా కనబడనివాళ్ళు ఎఫినకొనజోల్ రెండు పరిశోధనల్లో 17.8, 15.2 శాతం. టావబోరోల్‌లో 6.5, 9.1. సైక్లోపిరాక్స్‌లో 5.5, 8.5. బూజుకు నోటి ద్వారా ఇచ్చే టెర్బినఫిన్ మాత్రలు పన్నెండు వారాలు మింగితే ఆ సంఖ్య 38. పూతమందులను చిన్నచూపు చూడాలని దీని అర్థం కాదు. లివరు జబ్బున్నవాళ్ళకు, అప్పటికే చాలా మందులు వాడే పెద్దవాళ్ళకు, జబ్బు గోటి కొసలోనే ఉన్నవాళ్ళకు అవే దారి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఫలితం. గోరు మొదటిదాకా పాకాక పూత ఒక్కటే చాలదు.

ఈ కథలో మనవాళ్ళ పాత్ర ధర దగ్గర ఉంది. 1970 పేటెంటు చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది, కాబట్టి అదే మందును వేరే పద్ధతిలో ఇక్కడ చవకగా చేసుకునే వీలు కలిగింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి లాంటివాళ్ళు ఆ దారిలోనే సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ మొదలైంది 1984లో. ఖరీదైన మాత్రలు మన పల్లె ఆసుపత్రి అలమారా దాకా వచ్చాయంటే ఆ పరిశ్రమ పుణ్యమే.

చెడు కూడా మందుల షాపుల దారినే వచ్చింది. స్టెరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీములను చీటీ లేకుండానే అడిగినవాడికల్లా అమ్మారు. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, బూజు లోలోపల పాకుతుంది. 2018 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన 328 కలగలుపు మందుల్లో ఇలాంటి క్రీములూ ఉన్నాయి. అలాంటి క్రీములు వాడి వాడి ముదిరిన తామర నుంచి గోటికి పాకిన జబ్బుతో వచ్చినవాళ్ళను నా ఉద్యోగం చివరి రోజుల్లో ఎందరినో చూశాను. ఒక తల్లి, కొడుకు, కోడలు ముగ్గురూ ఒకే ట్యూబు వాడుతూ వచ్చారు.

పాడైన గోరల్లా బూజు కాదు, సుమారు సగమే బూజు. ఆళ్ళగడ్డలో రాతిశిల్పం చెక్కేవాళ్ళ గోళ్ళు సుత్తి దెబ్బకు నల్లబడతాయి, ఉలి అదురుకు లేచిపోతాయి. వాటికి బూజు మందు ఏడాది పూసినా డబ్బు దండగ. గోటి కింది పొడి గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే బూజు పోగులు కనబడతాయి. చవకైన పరీక్ష. మా రోజుల్లో దానికి కర్నూలు పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చేది, కూలి పోతుందని చాలామంది వెళ్ళేవాళ్ళు కాదు. 2023లో నంద్యాలకే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి డాక్టర్లకు నా మనవి ఒకటే: నాట్లు అయిపోయిన నెలలో కాలువ కింది ఊళ్ళకు ఒక మైక్రోస్కోపు పట్టుకుని రండి. చదివే మీరు కూడా ఇంట్లో ఎవరి గోరైనా పసుపు తిరిగి పొడి రాలుతుంటే, ముఖ్యంగా వాళ్ళకు షుగరు ఉంటే, షాపు క్రీము కొనకముందే ఆ పరీక్ష చేయించండి.