మాయాబజార్ (2010 పునర్విడుదల)

విజయా ప్రొడక్షన్స్ వారు 1957లో నిర్మించిన నలుపు తెలుపు తెలుగు చలనచిత్రం మాయాబజార్, రంగులలోను, డి.టి.ఎస్. 5.1 సరౌండ్ ధ్వనితోను 2010 జనవరి 30న మరల విడుదలైనది. ఈ పనిని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ చేసినది. రంగులు అద్దిన విషయమే అందరి దృష్టిని ఎక్కువగా ఆకర్షించినప్పటికీ, ఒకే మార్గంలో ముద్రితమైన ధ్వనిని ఆరు మార్గాలకు విస్తరింపజేయడం కూడా ఇందులో ముఖ్యమైన భాగం. పాత సంగీతాన్ని కొత్త ధ్వని పద్ధతులలోనికి మార్చి పునర్విడుదల చేయడంలోని లాభాలకు, ఇబ్బందులకు తెలుగులో ఇది ఒక మంచి ఉదాహరణ.

మూల చిత్రం, దాని ధ్వని

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైనది. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు. కె.వి.రెడ్డి దర్శకుడు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రచించాడు. నాలుగు పాటలకు సాలూరు రాజేశ్వరరావు బాణీలు కట్టిన తరువాత వైదొలగగా, ఆ పాటల వాద్యసమ్మేళనాన్ని, మిగిలిన సంగీతాన్ని ఘంటసాల వెంకటేశ్వరరావు నిర్వహించాడు. ఘంటసాల, పి.లీల, పి.సుశీల, మాధవపెద్ది సత్యం మొదలైనవారు పాటలు పాడారు.

ఆ కాలంలో సినిమా పాటను రికార్డు చేసేటప్పుడు గాయకులు, వాద్యకారులు ఒకే సమయంలో పాడి, వాయించేవారు. తప్పు దొర్లితే పాట మొత్తం మళ్ళీ మొదటి నుండి తీయవలసి వచ్చేది. మైకుల నుండి వచ్చిన ధ్వనులన్నీ అక్కడికక్కడే కలిసిపోయి ఒకే ధ్వనిగా నమోదయ్యేవి. ఆ తరువాత సంభాషణలు, నేపథ్య సంగీతం, పాటలు, ఇతర శబ్దాలు అన్నీ కలిపి ఫిల్ము అంచున సన్నని గీతగా ముద్రించేవారు. దీనినే మోనో ధ్వని అంటారు. సినిమా హాలులో ఈ ధ్వని అంతా తెర వెనుకనున్న స్పీకరు నుండే వినబడేది. వీణ ఒక వైపు, గొంతు మరొక వైపు అన్న విభజన ఇందులో ఉండదు.

5.1 ధ్వని

5.1 పద్ధతిలో తెరకు ఎడమ, మధ్య, కుడి వైపుల మూడు మార్గాలు, ప్రేక్షకులకు ఎడమ, కుడి పక్కల రెండు మార్గాలు ఉంటాయి. వీటికి తోడు అతి తక్కువ పౌనఃపున్యం గల గంభీర శబ్దాల కోసం మరొక మార్గం ఉంటుంది. అది మిగిలినవాటి వలె పూర్తి విస్తృతి గలది కానందున దానిని .1గా లెక్కిస్తారు. డి.టి.ఎస్. పద్ధతి 1993లో జురాసిక్ పార్క్ చిత్రంతో సినిమా హాళ్ళకు వచ్చినది.

రాక్ ఆల్బములతో పోలిక

ఇటువంటి పునర్విడుదలలు పాశ్చాత్య దేశాలలో రాక్ సంగీతంతో బాగా వ్యాప్తి చెందాయి. 1970లలో నాలుగు మార్గాల క్వాడ్రాఫోనిక్ రికార్డులు వచ్చినా అవి నిలదొక్కుకోలేదు. సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1999లో సూపర్ ఆడియో సి.డి.ని ప్రవేశపెట్టాయి. దాని వెనుకనే డి.వి.డి. ఆడియో వచ్చినది. సాధారణ సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లతో నమోదు చేస్తారు. ఈ కొత్త డిస్కులు అంతకంటె సూక్ష్మమైన నమోదును, రెండుకు మించిన ధ్వనిమార్గాలను ఇవ్వగలవు.

పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో వెలువరించిన ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఆల్బమును జేమ్స్ గత్రీ 5.1 ధ్వనిలోనికి మార్చగా, అది 2003లో సూపర్ ఆడియో సి.డి.గా వచ్చినది. కింగ్ క్రిమ్సన్ బృందపు 1969 నాటి మొదటి ఆల్బమును స్టీవెన్ విల్సన్ 5.1లో మిశ్రమం చేయగా 2009లో విడుదలైనది. ఈ ఆల్బములలో గొంతు, గిటారు, డ్రమ్ములు వంటివి టేపుపై వేరు వేరు ట్రాకులుగా నమోదై ఉన్నాయి. అందువలన మిశ్రమం చేసేవారు ఒక్కొక్క వాద్యాన్ని కోరిన దిశలో నిలపగలిగారు. మాయాబజార్ విషయంలో ఇటువంటి సౌకర్యం లేదు. అన్నీ కలిసిపోయిన ఒకే ధ్వని నుండి ఆరు మార్గాలను రూపొందించవలసి వచ్చినది.

పునరుద్ధరణ, విడుదల

గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007 నవంబరులో మాయాబజార్‌తో సహా 14 తెలుగు చిత్రాల నెగటివ్ హక్కులను సంపాదించినది. సి.జగన్మోహన్ ఆధ్వర్యంలో 165 మంది సుమారు ఎనిమిది నెలలు పనిచేశారు. దీనికి దాదాపు 7.5 కోట్ల రూపాయలు వ్యయమైనట్లు అంచనా. చిత్రం ఆంధ్ర ప్రదేశ్‌లో 45 థియేటర్లలో విడుదలై ఆదరణ పొందినది. 1957లో ఈ చిత్రాన్ని చూసినవారి మనుమలకు దానిని పెద్దతెరపై చూసే అవకాశం దీనివలన కలిగినది.

అయితే మిగిలిన చిత్రాల పని ముందుకు సాగలేదు. అనేక నిర్మాతలు తమ చిత్రాల హక్కులను టెలివిజన్ ఛానళ్ళకు అమ్మివేయడంతో యాజమాన్యానికి సంబంధించిన చిక్కులు ఎదురుకావడం ఇందుకు కారణం.

మోనోను విస్తరించే పద్ధతులు

మోనో ధ్వనిని సరౌండ్‌గా మార్చడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది: హిస్సు, చిటపట శబ్దాలను తొలగించి, సంభాషణలను మధ్య మార్గంలో ఉంచి, సంగీతాన్ని పౌనఃపున్యాలను బట్టి విభజించి, కొంత ప్రతిధ్వని జోడించి పక్కలకు విస్తరించడం. శుభ్రపరచడం మితిమీరితే హిస్సుతో పాటు గాయకుని ఊపిరి, తంబుర నాదం కూడా పోయే ప్రమాదమున్నది.

రెండవది: పాత గొంతులను ఉంచి వాద్యాలను కొత్తగా వాయించడం. 2004 నవంబరు 12న రంగులలో విడుదలైన హిందీ చిత్రం ముఘల్-ఎ-ఆజమ్‌కు ఈ విధంగానే చేశారు. అప్పటికి జీవించియున్న సంగీత దర్శకుడు నౌషాద్ అందులో పాలుపంచుకున్నాడు. ఘంటసాల 1974లోనే మరణించినందున మాయాబజార్‌కు అట్టి అవకాశం లేకపోయినది.

మూడవది: కలిసిపోయిన ధ్వనిని కంప్యూటరు ద్వారా గొంతుగా, వాద్యాలుగా విడదీయడం. బీటిల్స్ బృందపు 1966 నాటి రివాల్వర్ ఆల్బమును 2022లో ఈ విధంగా విడదీసి డాల్బీ అట్మాస్‌లో కూడా విడుదల చేశారు. 2010 నాటికి ఈ పద్ధతి ఈ స్థాయికి చేరలేదు.

అభిప్రాయ భేదాలు

హాలులో అన్ని వైపుల నుండి శబ్దం వినడానికి అలవాటుపడిన ప్రేక్షకులకు పాత మోనో ధ్వని పలుచగా తోస్తుందని, పునర్మిశ్రమం వలన పాత చిత్రాలు కొత్త తరానికి చేరువవుతాయని అనుకూలురు అంటారు. దర్శకుడు, సంగీత దర్శకుడు, శబ్దగ్రాహకుడు మోనోను దృష్టిలో ఉంచుకొనియే గొంతుకు, వాద్యానికి మధ్య పాళ్ళు నిర్ణయించారని, వాటిని మార్చడం వారి పనిని మార్చడమేనని వ్యతిరేకులు అంటారు. మూల ధ్వనిని చెక్కుచెదరకుండా భద్రపరచినంత కాలం ఈ వివాదం అభిరుచికి సంబంధించినది మాత్రమే. మూల నెగటివ్, శబ్దపు ఫిల్ము నశించిన చిత్రానికి మాత్రం మంచి పద్ధతులు ఎన్ని వచ్చినా ఉపయోగముండదు. కావున పునర్విడుదలకు ముందు మూలాన్ని అధిక నాణ్యతతో డిజిటల్ రూపంలోనికి ఎక్కించి విడిగా దాచడం మొదటి పనిగా భావిస్తారు.

ఇవి కూడా చూడండి

మాయాబజార్
ఘంటసాల వెంకటేశ్వరరావు
సాలూరు రాజేశ్వరరావు
విజయా ప్రొడక్షన్స్